గొడుగు సినిమా ఆఖరి రీలు

తాయారు పదిహేడు క్రిస్మస్‌లకి పదిహేడు సినిమాలు చూసింది. ఒక్కదాని ముగింపూ చూడలేదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వేవాళ్ళు ఒక్కసారి ఆవిడ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. విస్తరి వేసి, పప్పూ కూరా పులుసూ అన్నీ వడ్డించి, తీరా పెరుగు దగ్గరికి వచ్చేసరికి విస్తరి లాగేస్తే ఎలా ఉంటుంది? అలా పదిహేడేళ్ళు.

లాగేసింది పరాయివాడు కాదు, కట్టుకున్న మేనబావే. కొండలరావు పోర్టులో క్రేను నడుపుతాడు. చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పెట్టేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, బస్సు. కాపురం పద్మనాభంలో, ఉద్యోగం విశాఖపట్నంలో. పొద్దున్నే బస్సెక్కి రావడం, సాయంత్రం ఐదున్నరకి ఆఖరి బస్సెక్కి పోవడం. ఆ ఐదున్నర బస్సు తప్పిందంటే మళ్ళీ మర్నాడే. కాబట్టి ఆయన జీవితంలో ఆ బస్సు తప్పలేదు. పెళ్ళికి వెళ్తే తలంబ్రాలు పడకుండానే లేచేవాడు, హరికథకి వెళ్తే మంగళం పాడకుండానే లేచేవాడు. ఇంట్లో తాయారు ఏదైనా కష్టం చెప్పుకోబోతే, సగంలో ఉండగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు.

సినిమాకి క్రిస్మస్ నాడే ఎందుకు తీసుకెళ్ళేవాడంటే, దానికీ ఒక లెక్క ఉంది. దసరాకీ దీపావళికీ సెలవు కావాలంటే సీనియర్లు ముందే పేర్లు రాయించేసుకునేవారు. క్రిస్మస్‌కి మాత్రం ఆయన గ్యాంగులో ఎవరూ అడిగేవారు కాదు. ఎవరికీ అక్కర్లేని ఆ సెలవు కొండలరావుకి దొరికేది. సినిమా హాలు సంగతీ అంతే. కొత్త సినిమాలన్నీ జనవరి పండక్కి దాచిపెట్టుకుంటారు కనక, క్రిస్మస్ వారం మ్యాట్నీకి ఆ హాలు మేనేజరు చవగ్గా దొరికే పాత సినిమాలు వేసేవాడు. అన్నీ ప్రేమ సినిమాలే, అన్నీ నవ్వించేవే. గేటుకి రంగు కాగితాల నక్షత్రం ఒకటి కట్టేవాడు, ఏటా అదే నక్షత్రం. సినిమాలూ దరిదాపు అవే, ఓ డజను సినిమాలు తిరిగి తిరిగి వచ్చేవి. ఆ మ్యాట్నీకి పట్నం జనం రారు. వచ్చేవాళ్ళంతా సెలవు పూట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దిగినవాళ్ళే.

రెండున్నరకి ఆట మొదలు. ఐదయ్యేసరికి కొండలరావు చేతి గడియారం చూసుకుని, "లే" అనేవాడు. ఆ ఒక్క అక్షరం చాలు. తాయారు లేచేది. అలవాటుగా వరసంతా లేచేది. ఆనందపురం వాళ్ళూ, భీమిలి వైపు వాళ్ళూ, ఎలమంచిలి రైలు అందుకోవలసినవాళ్ళూ అంతా గుంపుగా తలుపు దగ్గర పడేవారు. తాయారు మెడ వెనక్కి తిప్పుకునే నడిచేది. మెడ నొప్పే మిగిలేది.

బస్సులో కూర్చున్నాక అడిగేది.

"బావా, ఆకరికి ఏటవుతాది?"

"ఏటవుతాది? కలుస్తారు."

"కలుస్తారని నాకూ తెలుసు. ఎలగ కలుస్తారని అడగతన్నాను."

"ఎలాగోలాగ కలుస్తారు," అని ఆయన ముందు సీటు కమ్మీకి తల ఆనించి నిద్రపోయేవాడు.

ఆ 'ఎలాగోలాగ' అన్న మాట వింటే తాయారుకి ఒళ్ళు భగ్గుమనేది. అలాంటి సినిమాల్లో ఇద్దరూ కలుస్తారా లేదా అని ఎవడికీ అనుమానం ఉండదు. టిక్కెట్టు చింపేవాడికీ తెలుసు, పకోడీలు అమ్మేవాడికీ తెలుసు. డబ్బిచ్చి వెళ్ళేది ఎలా కలుస్తారో చూడ్డానికే. ఆ ఒక్కటీ తీసేసి మిగతాది చూడమంటే, అంతకన్నా ఇంట్లో కూర్చుని పిడకలు చేసుకోవడం నయం కదా. మద్దిలపాలెంలో కొండలరావు పిన్నమ్మ చిట్టమ్మ ఉంది. ఒక్క పూట ఆవిడింట్లో పడుకుని పొద్దున్న బస్సుకి పోదామని తాయారు ఏటా బతిమాలేది. చాప వేస్తాను రమ్మని చిట్టమ్మా అనేది పాపం. గేదెలో అనేవాడు, అమ్మ ఒక్కర్తీ అనేవాడు, చివరికి, పక్క మారితే నిద్రపట్టదనేవాడు. బస్సులో కమ్మీకి తలానించి నిద్రపోయే మనిషి అన్న మాట అది.

అన్నిట్లోకీ ఆవిడ ప్రాణం తీసింది గొడుగు సినిమా. దాని అసలు పేరుతో తాయారుకి పని లేదు. ఇద్దరు మనుషులు వానలో ఒకరి గొడుగు ఒకరు పట్టుకుపోతారు. ఆయన గుమాస్తా, ఆవిడ పంతులమ్మ. మార్చుకుందామని వెళ్ళిన ప్రతిసారీ దెబ్బలాడుకుంటారు, గొడుగు మాత్రం మారదు. పెళ్ళయిన ఏడు, అరవై ఎనిమిదిలో, వాళ్ళిద్దరూ మొదటిసారి చూసిన సినిమా అదే. ఆ రోజు తాయారు నవ్వి నవ్వి కడుపు పట్టుకుంది. పక్కకి చూస్తే కొండలరావు తెర చూడ్డం మానేసి ఆవిడ నవ్వు చూస్తున్నాడు. కొత్త పెళ్ళికూతురు, సిగ్గేసింది. ఇంతలో తెర మీద పంతులమ్మ, ఆ గుమాస్తాకి వేరే సంబంధం కుదిరిందని పొరపాటు పడి, పెట్టె సర్దుకుని రైలు స్టేషనుకి బయల్దేరింది. ఆయన ఆవిడ గొడుగు పట్టుకుని వానలో పరిగెత్తాడు. రైలు కూత వేసింది. కొండలరావు "లే" అన్నాడు.

అదే సినిమా డెబ్భై మూడులో మళ్ళీ వచ్చింది. రైలు కూత, "లే". డెబ్భై తొమ్మిదిలో వచ్చింది. రైలు కూత, "లే". ఆ మధ్య ఏళ్ళన్నిట్లో తాయారు ఆ కథకి తనే ఇరవై ముగింపులు అల్లుకుంది. ఊడ్పుల్లో ఒకటి, కుప్ప నూర్పుల్లో ఒకటి. గుమాస్తా గెంతి ఆఖరి పెట్టె పట్టుకున్నట్టు, ఎవరో గొలుసు లాగినట్టు, గొడుగు కిటికీలోంచి విసిరితే సరిగ్గా ఆవిడ ఒళ్ళో పడ్డట్టు. ఏదీ తృప్తిగా ఉండేది కాదు. దొంగ ముగింపులతో ఎన్నాళ్ళు కడుపు నింపుకుంటాం?

ఎనభై ఐదు జూన్‌లో, అత్తగారు మరిది దగ్గర ఉంటానన్నాక, వాళ్ళు మద్దిలపాలెంలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. డిసెంబరులో సెలవులివ్వగానే పిల్లలిద్దరూ నాయనమ్మ దగ్గరకి పద్మనాభం వెళ్ళిపోయారు. కూరలకెళ్ళిన తాయారు గోడ మీద అంటించిన కాగితం చూసింది. క్రిస్మస్ నాడు మ్యాట్నీ, గొడుగు సినిమా. ఇంటికొచ్చి సంచీ దించకుండానే చెప్పింది.

"బావా, ఈసారి నాను ఆకరి వరకూ సూడాల. మనకిప్పుడు బస్సు లేదు, గేదెల్లేవు. సిటీ బస్సులు రాత్రి వరకూ తిరగతన్నాయి. నువ్వు లేస్తే మాత్రం నాను ఊరుకోను."

కొండలరావు నాకేం పని లేవడానికి అన్నాడు. మాటిచ్చాడు. ఇచ్చిన మాట చూసుకుని తాయారు పది రోజులు మురిసింది.

ఆ రోజు హాలు గేటు దగ్గర, పాత నక్షత్రం కింద, ఆవిడ చెయ్యి చాపి గడియారం అడిగింది. ఎందుకన్నాడు. ఇమ్మంది. విప్పి ఇచ్చాడు. కొంగున మూట కట్టి బొడ్లో దోపుకుంది. మొగుడి మాట మీద నమ్మకం ఉన్నా మొగుడి అలవాటు మీద లేదు.

బొమ్మ మొదలైంది. గీతలు పడిపోయి, తెర నిండా సన్నటి వాన పడుతున్నట్టే ఉంది. అయినా తాయారు నవ్వింది. మొదటి గొడుగు దెబ్బలాటకి నవ్వింది, రెండోదానికీ నవ్వింది, రాబోయేది ముందే తెలిసి ముందుగానే నవ్వింది. కొండలరావు కూడా రెండుసార్లు గట్టిగానే నవ్వాడు. విశ్రాంతిలో వేడి పకోడీలు కొనుక్కొచ్చాడు. అంతా సవ్యంగానే ఉందనుకుంది. పంతులమ్మ పెట్టె సర్దింది. వాన మొదలైంది. గుమాస్తా గొడుగు తీసుకుని పరిగెత్తాడు. రైలు కూత వేసింది.

కొండలరావు లేచి నిలబడ్డాడు.

గడియారం లేదు, బస్సు లేదు, ఊరే లేదు. అయినా లేచాడు. కూత వినగానే లేవడం ఒంటికి పట్టేసింది మనిషికి. తాయారు చొక్కా పట్టుకుని లాగింది. "వస్తున్నావా" అన్నట్టు ఆయన వంగి చూశాడు, ఆ చూపులో నిజంగానే బస్సు తొందర ఉంది. అప్పటికే చుట్టూ అందరూ లేస్తున్నారు. తలుపు వైపు గుంపు కదులుతోంది. ఆ గుంపులో ఓ ఇరవయ్యేళ్ళ పిల్ల, మొగుడు చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, మెడ వెనక్కి తిప్పి తెర చూస్తూ వెళ్తోంది. ఆ మెడ చూసేసరికి తాయారుకి ఎక్కడలేని కోపమూ వచ్చింది.

"కూకో," అంది.

అరవలేదు. కానీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు కొండలరావు వినలేదు. కూర్చున్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తాయారు అటు చూడలేదు, తెరకి కళ్ళప్పగించింది. గుమాస్తా ప్లాట్‌ఫారం మీదకొచ్చాడు. రైలు కదులుతోంది. ఆయన గొడుగు పైకెత్తాడు. తెర తెల్లబడింది. మరుక్షణం దాని మీద 'శుభం' అని పడింది. లైట్లు వెలిగాయి.

తాయారుకి అర్థం కాలేదు. కరెంటేమో అనుకుంది, రీలు మారుస్తున్నారేమో అనుకుంది. కొండలరావు ఊపిరి పీల్చుకుని, "అయిపోనాది. సూసేవు కదా, పద," అన్నాడు. ఊడ్చేవాడు చీపురు పట్టుకుని లోపలికొచ్చాడు. హాలు మొత్తం మీద మిగిలింది వాళ్ళిద్దరే. తెర మీద శుభం ఇంకా వెలుగుతూనే ఉంది. తాయారు దాని వంక చూసింది. ఎర్ర అక్షరాలు, కుడి మూల గాజు పగిలిన గీత. ఆట మొదట్లో 'పొగ త్రాగరాదు' అని వేసిన గాజు పలకకీ ఇదే ఎరుపు, రాసింది ఇదే చెయ్యి. ఈ శుభం సినిమాలోది కాదు. హాలు వాళ్ళది.

ఆవిడ బయటికి నడవకుండా మెట్లెక్కింది. పైన మిషను గది ఉంది. గురునాథరావు అనే పెద్దాయన ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఆ హాల్లో బొమ్మ ఆడిస్తున్న మనిషి. తాయారు ఆయాసం తీర్చుకోకుండానే, మిగతా బొమ్మ ఏమైందని అడిగింది. వెనకే వచ్చిన కొండలరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

గురునాథరావు టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి సిగ్గుగానే ఉంది.

"మొదట్లో వేసేవాణ్ణమ్మా. అరవై ఎనిమిదిలో వేశాను, ఆ తరవాతా వేశాను. ఐదయ్యేసరికి ఒక్కరూ ఉండరు కదా. ఖాళీ కుర్చీలకి ఎన్నేళ్ళు చూపిస్తాను? ఈ క్రిస్మస్ మ్యాట్నీకి ఆఖరి రీలు డబ్బాలోంచి తియ్యడం మానేసి పదేళ్ళయింది. శుభం పలక పెట్టేసి టీకి వెళ్ళిపోతాను. ఇన్నేళ్ళలో అడిగిన మనిషివి నువ్వొక్కదానివే."

తాయారు లెక్క చూసుకుంది. అంటే ఈ పదేళ్ళూ, కూర్చున్నా ఒకటే, లేచినా ఒకటే. ముగింపు తమకి దక్కకుండా చేసింది ఈ పెద్దాయన కాదు, ఆ బస్సుల జనమే. లేచి లేచి తామే దాన్ని డబ్బాలో పెట్టించారు. ఎవరి మీద అరవాలో తెలియని కోపం అంత చెడ్డది ఇంకోటి లేదు.

కొండలరావుకి మాత్రం ధైర్యం వచ్చింది. "సూసేవా, నాను లేపీసినా మనకేటీ పోలేదు," అన్నాడు.

తాయారు మొగుడి వంక చూసిన చూపుకి గురునాథరావే భయపడి లేచాడు. ఇప్పుడు వెయ్యమంటే కుదరదన్నాడు. ఆరింటి ఆటకి మిషను సిద్ధం చెయ్యాలి, దీపంలో కాలే కార్బన్ పుల్లలు ఆటకిన్ని అని మేనేజరు ఇస్తాడు, అంతకు మించి ఉండవు. కాసేపు తల గోక్కున్నాడు. తరవాత మూలనున్న రేకు డబ్బా తెరిచి, ఆఖరి రీలు తీసి, పడమటి కిటికీ దగ్గరున్న బల్ల మీదకి తెచ్చాడు. రీలు వెనక్కి చుట్టడానికి చేత్తో తిప్పే పిడి ఉంది దానికి. ఎండ తగులుతోంది, వెలుగుకి పెట్టుకుని చూసుకోమన్నాడు. అంచులే పట్టుకోమని, నేల మీద పడనివ్వద్దని చెప్పి, తన గ్లాసు తీసుకుని బయటికెళ్ళాడు.

గోరంత బొమ్మలు. ఒకదాని కింద ఒకటి, వేలకి వేలు. తాయారు రిబ్బను అంచు వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీకెదురుగా కన్ను చికిలించింది. తిప్పేవాడు కావాలి. అడగలేదు. కొండలరావే వచ్చి పిడి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యెత్తితే ఆపాడు, వేలు ఆడిస్తే తిప్పాడు. ఓడ మీద నిలబడ్డ మనిషి చేతి సైగ చూసి మూటలు దించడం ఆయనకి రోజూ పనే. ఎంత నెమ్మదిగా తిప్పాలో చెప్పక్కర్లేకపోయింది.

గుమాస్తా పరిగెత్తుతున్నాడు. ఎన్ని బొమ్మలైనా పరిగెత్తుతూనే ఉన్నాడు. రైలు ఆఖరి పెట్టె దాటిపోయింది. గెంతలేదు. గొలుసు ఎవరూ లాగలేదు. గొడుగు కిందికి వాలిపోయింది. తాయారు వేలు ఆడించింది. గుమాస్తా వెనక్కి తిరిగాడు. ఇంకొంచెం తిప్పాక, ప్లాట్‌ఫారం చివర బల్ల కనబడింది. దాని మీద పెట్టె. పెట్టె పక్కన పంతులమ్మ, చేతిలో టిక్కెట్టు, వాన నీళ్ళు కారుతూ కూర్చుని ఉంది. అంతసేపూ అక్కడే ఉంది. తాయారు చెయ్యెత్తింది. పిడి ఆగింది.

కిటికీ కింద రోడ్డు మీద హారన్ మోగింది. పద్మనాభం బస్సు. ఆ బొంగురు హారన్ పదిహేడేళ్ళుగా ఇద్దరికీ తెలుసు. కొండలరావు కుడికాలు ఓ అడుగు ముందుకి పడింది. పిడి మాత్రం వదల్లేదు. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

తాయారుకి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. సంతోషంతో అనుకునేరు, కాదు. ఒళ్ళు మండిపోయి వచ్చాయి. ఇంతేనా? తను ఇరవై ముగింపులు అల్లితే ఇరవైలోనూ ఆ గుమాస్తా రైలుని పట్టుకోవలసి వచ్చింది. ఆ పంతులమ్మ రైలు ఎక్కకుండా ఉంటే సరిపోతుందని ఒక్కసారీ తోచలేదు. ఎలా తోస్తుంది? బండి వదిలేసినవాళ్ళని తను పుట్టి బుద్ధెరిగాక చూస్తే కదా. ఒక్క ఏడు, ఒక్క బస్సు, చిట్టమ్మ ఇంట్లో ఒక్క చాప. ఇంత చిన్న సంగతికి మెడ వెనక్కి తిప్పుకుని పదిహేడేళ్ళు నడిచింది.

"ఏటయినాది?" అన్నాడు కొండలరావు.

"ఎక్కలేదు బావా. బండి ఎల్లిపోనాది. అది కూకుండిపోనాది."

ఆయన పిడి వదిలి వచ్చి, ఆవిడ పక్కన వంగి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"టిక్కెట్టు కొన్నాది కదా."

"కొన్నాది."

"మరి రాత్రికి ఎక్కడుంటాది?"

తాయారు మొగుడి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. క్రేను కిందకి బరువు దించేముందు చూసుకున్నట్టు, నుదురు ముడేసుకుని, నిజంగానే అడుగుతున్నాడు.

"ఎక్కడో అక్కడుంటాదిలే," అంది.

"అదేటి, అలగంటావు?" అన్నాడు కొండలరావు. కోపంగానే అన్నాడు. మళ్ళీ బల్ల దగ్గరకెళ్ళి పిడి పట్టుకుని, "సెయ్యి సూపించు," అని మిగిలిన రీలు తిప్పడం మొదలెట్టాడు.